పెద్ద పేరున్న జబ్బు

మా నాయిన పదిమందిలో నోరు తెరిచి నవ్వగా నేను చూడలేదు. నవ్వు వస్తే తువ్వాల కొస నోటికి అడ్డం పెట్టుకునేవాడు. మా ఊరు చౌటుప్పల్ నుంచి లోపలికి పోయే దారిలో ఉంటుంది. మా దిక్కు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువ. పుట్టినప్పటి నుంచి ఆ నీళ్లే తాగిన నాయినకు పళ్లు గోధుమరంగు చారలు పడి, అంచులు అరిగిపోయి ఉండేవి. నలభై దాటేసరికి మెడ బిగుసుకుపోయింది. పక్కనుంచి ఎవరైనా పిలిస్తే తల తిప్పలేడు, మనిషి మొత్తంగా తిరగాలి. మా ఊళ్లో అట్లాంటివాళ్లు ఇంటికొకరు ఉంటారు కాబట్టి ఎవరూ ఆయన్ని వింతగా చూడలేదు. చూసినవాడు మా బావ ఒక్కడే.

బావ అంటే మా అక్క భర్త. కల్వకుర్తి బస్టాండుకు కొంచెం అవతల ఆయనకు విత్తనాలు, పురుగు మందుల దుకాణం ఉంది. బీఎస్సీ చదివాడు. వాళ్లింట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి మనిషి ఆయనే. ఆ డిగ్రీని చొక్కా జేబులో పెన్నులాగా ఎప్పుడూ బయటికి కనిపించేటట్టు పెట్టుకుని తిరిగేవాడు. ఉప్పును ఉప్పు అనడు, ‘ఎన్ఏసీఎల్’ అంటాడు. పెళ్లయిన కొత్తలో అక్కకు ఆ మాట అర్థం కాక పప్పు గిన్నె, పెరుగు గిన్నె, చివరికి చీపురు కూడా తెచ్చి ఇచ్చిందట. తర్వాత అలవాటుపడి, ఆయన ఎన్ఏసీఎల్ అనగానే ఉప్పు డబ్బా జరిపేది. అన్నం అడుగంటితే ‘కార్బనైజ్ అయింది’. అక్క ఏడిస్తే ‘ల్యాక్రిమల్ గ్లాండ్స్ ఓపెన్ అయినయి’. కల్లు ఆయన నోట్లో ‘ఫర్మెంటెడ్ సుక్రోజ్’. కానీ తాగేటప్పుడు మాత్రం అందరిలాగే తాగేవాడు.

ఒకసారి సెలవులకు పోయినప్పుడు ఆయన దుకాణంలో కూర్చున్నాను. ఒక రైతు పత్తి ఆకు ఒకటి తువ్వాలలో చుట్టుకుని తెచ్చాడు.

“ఆకులు పసుపు రంగుకు తిరుగుతున్నయి సారూ, ఏం రోగమో ఏమో” అన్నాడు.

బావ ఆకును వెలుతురుకు పట్టి, కళ్లు చిన్నవి చేసి, “క్లోరోసిస్” అన్నాడు.

రైతు ముఖం తేటపడింది. పెద్ద పేరే ఉంది, పెద్ద మందే ఉంటుందన్న ధైర్యం. డబ్బా తీసుకుని దండం పెట్టి పోయాడు. ఇంటికొచ్చాక నా బోటనీ పుస్తకం తీసి చూశాను. క్లోరోసిస్ అంటే ఆకు పసుపు రంగుకు తిరగడం. అంతే. ఆ రైతు చెప్పిన మాటనే బావ ఇంగ్లీషులో తిరిగి ఆయనకే అప్పజెప్పి పంపాడు. అప్పుడు నేను నవ్వుకున్నాను. మొదట్లో నేనూ బావ మాటలకు నవ్వేదాన్నే, అది ఒప్పుకోవాలి.

తెలంగాణ వచ్చిన మరుసటేడు బావ కల్వకుర్తిలో కొత్త ఇల్లు కట్టుకున్నాడు. నేనప్పుడు నల్గొండలో డిగ్రీ రెండో సంవత్సరం. గృహప్రవేశానికి అమ్మ, నాయిన, నేను పోయాం. భోజనాలయ్యాక టెంటు కింద బావ దోస్తులు పదిమంది దాకా కుర్చీలు గుండ్రంగా వేసుకుని కూర్చున్నారు. విత్తన కంపెనీల ఏజెంట్లు, ఇద్దరు టీచర్లు, చుట్టుపక్కల దుకాణాలవాళ్లు. వాళ్లలో ఒకాయన, “అన్నా, మీ అత్తగారి దిక్కు నీళ్లు మంచిగుండయట గదా?” అన్నాడు.

“మంచిగుండుడా? ఆగుండ్రి, లైవ్ల చూపిస్త” అన్నాడు బావ. “మామా! జర ఇటు రా!”

నాయిన అప్పుడే చేతులు కడుక్కుని వస్తున్నాడు. అల్లుడు నలుగురిలో పిలిచాడని సంబరంగానే వచ్చాడు.

“నోరు తెరువు మామా.”

“ఎందుకు అల్లుడా?”

“తెరువు, చెప్త.”

నాయిన తెరిచాడు. బావ సెల్లు లైటు వేసి నోట్లోకి పట్టాడు. “చూడుండ్రి, డెంటల్ ఫ్లోరోసిస్. ఎనామెల్ మొత్తం పోయింది. మామా, గిప్పుడు మెడ తిప్పు. తిరగది, చూసిండ్రా? స్కెలిటల్ ఫ్లోరోసిస్. క్లాసిక్ స్పెసిమెన్. బుక్కులల్ల గూడ గింత క్లియర్‌గ ఉండది.”

ఇద్దరు ముగ్గురు కుర్చీల నుంచి లేచి వంగి చూశారు. ఒకాయన ఫొటో తీశాడు. నాయిన నోరు తెరిచే ఉంచాడు. ఆయన అనుకున్నదేమిటో నాకు తర్వాత తెలిసింది. వీళ్లంతా చదువుకున్నవాళ్లు, ఏదో మందు చెబుతారని. లైటు ఆరిపోయాక నెమ్మదిగా నోరు మూసుకుని అడిగాడు: “ఊర్లకు నల్లా నీళ్లు వస్తయంటున్నరు అల్లుడా. గవి తాగితే ఏమన్న తగ్గుతదా?”

“ఇర్రివర్సిబుల్ మామా.”

“అంటే?”

“అంటే గంతే!” అన్నాడు బావ. టెంటు కింద అందరూ గొల్లుమన్నారు.

మా నాయిన ఎడ్లను ఎంచడంలో పేరున్నవాడు. ఊళ్లో ఎవరు ఎద్దును కొనాలన్నా ఆయన్ని వెంటబెట్టుకుని అంగడికి పోయేవాళ్లు. ఎద్దు దౌడ పట్టి నోరు తెరిపించి, పళ్లు చూసి వయసు చెప్పేవాడు. ఆ రోజు టెంటు కింద ఆయనకు ఏం గుర్తొచ్చిందో నేను అడగలేదు. నాకు మాత్రం అంగడే గుర్తొచ్చింది.

బావ దగ్గరికి పోయి, “గదేంది బావా, నాయిన్ని పట్టుకొని?” అన్నాను.

“ఏ, పరాష్కానికే మర్దలా! సైన్సు నలుగురికి తెల్వాలె గద” అన్నాడు, అంతా నవ్వులాటేనన్నట్టు. గడప దగ్గర నిలబడ్డ అక్క నా వైపు చూసి, వెంటనే తల దించుకుంది.

తిరుగు బస్సులో నాయిన కిటికీ పక్కన కూర్చున్నాడు. దేవరకొండ దాటాక మనిషి మొత్తంగా నా వైపు తిరిగి, “బిడ్డా, గా మాట ఏమన్నడు అల్లుడు? ఇర్రి... ఏందది? నీకెర్కేనా?” అన్నాడు.

నాకు తెలుసు. ఆ వారమే క్లాసులో వెనక్కి మళ్లే, మళ్లని చర్యల మీద, రివర్సిబుల్, ఇర్రివర్సిబుల్ అని, రెండు పేజీలు రాశాను.

“తెల్వది నాయినా” అన్నాను.

ఆ అబద్ధం ఆడించినందుకు బావను నేను క్షమించలేదు. నోట్లో లైటు వేసినదానికన్నా దానికే ఎక్కువ కోపం. అదే బస్సులో కూర్చుని ఒట్టు పెట్టుకున్నాను. ఈ మనిషిని ఈ మాటలతోనే, ఆ పదిమంది ముందే నిలబెడతాను. ఎట్లాగో తెలియదు. తొందర కూడా లేదనుకున్నాను.

తొందర లేదనుకున్నదాన్ని ఉండలేక తొందరపడ్డాను. డిగ్రీ అయ్యాక చౌటుప్పల్ దగ్గర ఒక మందుల ఫ్యాక్టరీలో, నాణ్యత పరీక్షించే ల్యాబులో ఉద్యోగం వచ్చింది. తెల్లకోటు వేసుకున్న రెండో నెలలోనే దసరా. అక్కా బావా మా ఇంటికి వచ్చారు. అమ్మ పులిహోర చేసింది. నేను బావ ముందు గిన్నె పెట్టి, అందరూ వినేటట్టు, చింతపండు పులుపు అనకుండా, “బావా, టార్టారిక్ యాసిడ్ సరిపోయిందా?” అన్నాను.

బావ ముద్ద మింగి, చెయ్యి ఆపి, “ఫార్ములా చెప్పు” అన్నాడు.

నాకు తెలిసిన ఫార్ములానే. ల్యాబులో సీసా మీద రోజూ చూసేదే. కానీ ఇంటిల్లిపాదీ నా ముఖం చూస్తుంటే కార్బన్లు ఎన్నో, ఆక్సిజన్లు ఎన్నో అన్నీ ఎగిరిపోయాయి. బావ తొణక్కుండా సీ ఫోర్, హెచ్ సిక్స్, ఓ సిక్స్ అని తానే చెప్పి, “ఏం చేస్తున్నవే ల్యాబుల? సీసాలు కడుగుతున్నవా?” అన్నాడు. అమ్మతో సహా అందరూ నవ్వారు. నాయిన తువ్వాల అడ్డం పెట్టుకున్నాడు. నవ్వాడో లేదో తెలియలేదు.

ఆ దెబ్బతో నాకు ఒకటి అర్థమైంది. కెమిస్ట్రీలో ఆయనతో పెట్టుకోకూడదు. అది ఆయన ఇలాకా.

తర్వాత నాకు పెళ్లయి చిట్యాలకు మారాను. అక్కడి నుంచి చౌటుప్పల్‌కు కంపెనీ బస్సులో పోయి రావడం. ఆ బస్సులో వెనక సీట్లలో మేం ఏడెనిమిది మంది ఆడవాళ్లం కూర్చునేవాళ్లం. ల్యాబులో రోజంతా వాడే మాటలు బస్సులో మా ఇళ్ల మీద ప్రయోగించేవాళ్లం. ఒకామె అత్త కూరను పక్కకు జరిపితే ‘బ్యాచ్ రిజెక్ట్’. ఒకామె భర్త చెప్పిన టైముకు ఇంటికి రాకపోతే ‘అవుట్ ఆఫ్ స్పెసిఫికేషన్’. మా పరీక్షల్లో ఒక పదార్థం యంత్రంలో ఎంతసేపు నిలిచి బయటికి వస్తుందో దాన్ని రిటెన్షన్ టైమ్ అంటారు. ఇంటికొచ్చిన చుట్టాలు కదలకపోతే “మా ఆడిబిడ్డ రిటెన్షన్ టైమ్ ఈసారి పది రోజులు” అని చెప్పుకుని కడుపు పట్టుకుని నవ్వేవాళ్లం. ఆ మాటలు తెలియనివాళ్లు మాలో ఎవరూ లేరు. కొత్తగా చేరిన అమ్మాయి అర్థం కాలేదంటే ఆగి చెప్పి, మళ్లీ ఆమెతో కలిసి నవ్వేవాళ్లం. ఆ సీట్లలో కూర్చుని నవ్వుతూ నవ్వుతూ బావ గుర్తొచ్చి ఒక్కోసారి మధ్యలో ఆగిపోయేదాన్ని.

మా ఫ్యాక్టరీలో చిన్న దవాఖాన గది ఉంది. అందులో ఒక నర్సు, యాభై దాటిన మనిషి. గాజు గొట్టం పగిలి వేలు తెగితే కట్టు కట్టించుకోవడానికి పోయాను. ఆమె రిజిస్టరులో ఏదో రాస్తుంటే వంగి చూశాను. నా ముందు వచ్చినాయన పేరు పక్కన ‘సింగల్టస్’ అని ఉంది.

“అయ్యో, ఏం జబ్బమ్మా పాపం ఆయనకు?” అన్నాను.

“ఎక్కిళ్లు” అన్నదామె.

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ఆమె కూడా నవ్వి, “గట్లాంటియి మస్తుంటయి బిడ్డా. తుమ్ముకు స్టెర్నుటేషన్. ఆవలింతకు ఆసిటేషన్. చలికి చేతుల మీద వెంట్రుకలు లేసి నిలవడతయి చూడు, దానికి క్యూటిస్ ఆన్సెరైనా” అన్నది.

ఆ చివరి మాట నేను మూడుసార్లు చెప్పించుకున్నాను. మేను జలదరించడానికి అంత పేరు. మధ్యలో కాన్సర్ అన్నట్టు వినిపించే పేరు. ఒళ్లు నిజంగానే జలదరించింది నాకు. వేలు కట్టు సంగతి మరిచిపోయి, “అమ్మా, ఇంకా చెప్పు” అని స్టూలు లాక్కున్నాను.

అయితే మాట దొరికితే సరిపోదు. బావ ‘అంటే ఏంది?’ అని అడిగితే నా పని అయిపోయినట్టే. అడుగుతాడా లేదా అని ముందు చూడాలనుకున్నాను. ఒక ఆదివారం ఫోను చేసి, దీనమైన గొంతు పెట్టి, “బావా, నాకు రెండొద్దుల సంది ఒకటే స్టెర్నుటేషన్. ఏం చెయ్యాలె?” అన్నాను.

అటు వైపు గొంతు సవరించుకున్న చప్పుడు. తర్వాత ఆయన గంభీరంగా, “గది స్టార్టింగ్ల గట్లనే ఉంటది. ఫికర్ చెయ్యకు. మసాలలు తగ్గియ్యి, బరువులు లేపకు” అన్నాడు.

తుమ్ములకు బరువులు ఎత్తొద్దన్నాడు! మర్నాడు బస్సులో ఈ సంగతి చెబితే వెనక సీట్లు ఊగిపోయాయి. నేను కూడా నవ్వాను కానీ లోపల వేరే లెక్క నడుస్తోంది. తనకు తెలియని మాట ఎదురైతే బావ ఎప్పటికీ అడగడు, తెలిసినట్టే ఉంటాడు. నాకు కావలసింది అదొక్కటే. ఇక ఆ పదిమంది ఒకచోట కూడాలి.

రెండేళ్లు ఆగాను. అక్క బిడ్డకు చీరల ఫంక్షన్ పెట్టారు. కల్వకుర్తిలో కొత్తగా వచ్చిన ఏసీ హాలు. కార్డు ఇవ్వడానికి వచ్చినప్పుడే బావ ఏసీ హాలు అని నాలుగుసార్లు చెప్పాడు. ఫంక్షన్ నాడు పదకొండు గంటలకల్లా హాలు నిండింది. అక్క బిడ్డ స్టేజీ మీద పట్టుచీరలో బొమ్మలాగా కూర్చుంది. బావ పట్టుపంచె, పొట్టి చేతుల చొక్కా వేసుకుని, మైకు పట్టుకుని వచ్చినవాళ్లను పేరుపేరునా పిలుస్తున్నాడు. ఏసీ గాలి నేరుగా స్టేజీ మీదికి కొడుతోంది. అక్షింతలు వేయడానికి మెట్లెక్కిన నాకు ఆయన చేతులు కనిపించాయి. మోచేతి నుంచి మణికట్టు దాకా వెంట్రుకలన్నీ లేచి నిలబడి ఉన్నాయి.

చుట్టూ చూశాను. ఏజెంట్లు, టీచర్లు, పక్క దుకాణాలవాళ్లు. ఫొటో కోసం బావ చుట్టూ నిలబడి ఉన్నారు. ఆ రోజు టెంటు కింద నవ్విన పదిమందిలో ఇద్దరు తప్ప అందరూ ఉన్నారు. నాయిన ముందు వరుసలో కూర్చుని ఉన్నాడు.

“బావా, జర చెయ్యి చూపియ్యి” అన్నాను.

“ఏందే మర్దలా?” అంటూనే ఖాళీగా ఉన్న చెయ్యి చాపాడు. నేను పట్టుకుని, అటూ ఇటూ తిప్పి, సెల్లు లైటు వేసి చూశాను. తర్వాత మెల్లగా రెండో చేతి వైపు చూసి, “అయ్యో బావా” అన్నాను.

“ఏమైందమ్మా?” అన్నాడు పక్కనున్న టీచరు.

“క్యూటిస్ ఆన్సెరైనా సార్. రెండు చేతులకున్నది. బైలేటరల్.”

బావ నా ముఖం చూశాడు. ఆ రెండు మూడు క్షణాలు నాకు ఇప్పటికీ గుర్తే. అందులో ఆయన ‘అంటే ఏందే?’ అని ఉంటే, ‘చలి బావా’ అని నేను నవ్వేసి దిగిపోవలసి వచ్చేది. ఆయనకు ఆ దారి తెరిచే ఉంది.

“తెల్సు, తెల్సు” అన్నాడు. “పాత జబ్బే. కంట్రోల్ల ఉన్నది.”

“ఎన్నొద్దుల సంది బావా?”

“మూడేండ్ల సంది.”

“మందులు వాడుతున్నవా మరి?”

“వాడక? హైదరాబాద్ల చూపిస్తున్న.”

ఇదంతా హాలు మొత్తానికీ వినబడింది. ఆయన చేతిలో మైకు ఉంది. ఆ సంగతి ఆయనా మరిచిపోయాడు, నేనూ గమనించలేదు. నాకు కావలసింది ఆ పదిమందే. వెనక వంట చేసేవాళ్ల దాకా పోతుందని నేననుకోలేదు.

హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. ‘ఏం జబ్బట?’ ‘ఏదో కాన్సరట.’ ‘మూడేండ్ల సందట, ఇంట్ల గూడ చెప్పలేదట.’ ముందు వరుసలో బావ వాళ్లమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఏజెంటు ఒకాయన బావ భుజం మీద చెయ్యి వేసి, “అన్నా, మాకొక్క మాట చెప్పకపోతివి” అన్నాడు కళ్లల్లో నీళ్లతో. బావ ముఖం పాలిపోయింది. అప్పటికి ఆయన కూడా భయపడ్డాడని నా నమ్మకం. తన చేతుల వైపు చూసుకుంటున్నాడు. వెంట్రుకలు ఇంకా నిక్కి ఉన్నాయి, ఏసీ అట్లాగే కొడుతోంది.

సంతోషంగా ఉందా అంటే ఉంది. అబద్ధం చెప్పను. ఆరేళ్లుగా నా లోపల బిగుసుకుపోయి ఉన్నది ఏదో ఒక్కసారిగా సడలింది.

అప్పుడు అక్క వచ్చింది. భోజనాల దగ్గర వడ్డన చూస్తున్న మనిషి, చేతిలో గరిటె అట్లాగే ఉంది. జనాన్ని తోసుకుంటూ స్టేజీ ఎక్కి, బావ దగ్గరికి కాదు, నేరుగా నా దగ్గరికి వచ్చింది.

“ఏం జబ్బే? నాకు చెప్పు. ఏం జబ్బు?”

చెప్పాలని నోరు తెరిచాను. ఎదురుగా బావ ఉన్నాడు, ఆ పదిమంది ఉన్నారు. ఇంకొక్క నిమిషం, ఇంకొక్క నిమిషం చాలు అనిపించింది. నేను నోరు మూసుకున్నాను. నా జీవితంలో నేను సిగ్గుపడే నిమిషం ఏదన్నా ఉంటే అదే.

ఈలోగా ఎవరో పట్నంలో పిల్లల దవాఖాన నడిపే డాక్టరును రెక్క పట్టుకుని స్టేజీ మీదికి తెచ్చారు. ఆయన పెద్దాయన, పిలుపు మీద వచ్చి భోజనం ముందు కూర్చున్న మనిషి. బావ చెయ్యి పట్టుకుని చూశాడు.

“ఏం జబ్బన్నరు?”

పక్కవాళ్లు నన్ను చూపించారు. నేను చెప్పాను. డాక్టరు నా వైపు ఒకసారి, బావ వైపు ఒకసారి చూశాడు. పెదవులు అదిరాయి.

“మూడేండ్ల సంది దీనికి మందులు వాడుతున్నవా?”

బావ తల ఊపాడు.

“ఏం మందులయ్యా? చలికి మేను జలదరిస్తే గా పేరే ఉంటది. ఎవలన్న గా ఏసీ తగ్గియ్యుండ్రి!”

మైకు ఇంకా నడుస్తూనే ఉంది.

మొదట నవ్వింది వెనక వరుసలో ఒక ముసలమ్మ. తర్వాత హాలంతా. భుజం మీద చెయ్యి వేసిన ఏజెంటు చెయ్యి తీసి, పొట్ట పట్టుకుని కుర్చీలో కూలబడ్డాడు. అక్క బిడ్డ కూడా బొమ్మలాగా కూర్చోవడం మరిచిపోయి నవ్వింది. బావ మైకు కింద పెట్టి నా వైపు చూశాడు.

“పరాష్కానికి బావా” అన్నాను.

దిగి వస్తుంటే నాయిన కనిపించాడు. ఆయన నవ్వడం లేదు. తిరుగు దారిలో కారులో, “గదంతా ఎందుకు చేసినవ్?” అని అడిగాడు. చెప్పాను. గృహప్రవేశం, టెంటు, సెల్లు లైటు, ఇర్రివర్సిబుల్ అంటే ఏమిటో కూడా. నాకు తెలిసే చెప్పలేదని కూడా.

ఆయన తువ్వాల మడిచి ఒళ్లో పెట్టుకున్నాడు. తర్వాత, “నా పండ్ల గురించి నేను నిన్నేమన్న అడిగిన్నా బిడ్డా?” అన్నాడు. కోపంగా అనలేదు. అయినా నాకు పశ్చాత్తాపం కలగలేదు. ఆయన అడగడని తెలిసే నేను చేశాను.

బావ విషయంలో ఇప్పటికీ కలగదు. చిన్నప్పుడు హాస్టల్లో ఆయన మాటతీరును చూసి పట్నం పిల్లలు ఏడిపించేవాళ్లని, అందుకే పెద్ద పెద్ద మాటలు పట్టుకున్నాడని తర్వాత ఎవరో చెప్పారు. విన్నాను. అయితే ఆ పట్నం పిల్లల నోట్లో లైటు వేసి ఉండాల్సింది, మా నాయిన నోట్లో కాదు. దుకాణానికి వచ్చే రైతులు కొన్ని నెలలపాటు, “సారూ, మా పత్తికి గూడ గదేదో కూటీసు వచ్చింది, ఏసీ తగ్గియ్యాల్నా?” అని అడిగేవాళ్లట. ఆ కబురు విన్న రోజు పాయసం వండుకుని తిన్నాను. ఇప్పుడు ఆకు పసుపు రంగుకు తిరిగితే తిరిగిందనే చెబుతాడట.

అక్క మాత్రం ఎనిమిది నెలలు నాతో మాట్లాడలేదు. ఫంక్షన్ అయిన మర్నాడు ఒక్కసారి ఫోను చేసి, “గంతసేపు నేను పుస్తెలతాడు పట్టుకొని నిలవడ్డనే. నీకెర్కుండి గూడ చెప్పకపోతివి” అని పెట్టేసింది. దానికి నా దగ్గర ఏ మాటా లేదు, చిన్నదీ లేదు, పెద్దదీ లేదు. ఎన్నిసార్లు ఫోను చేసినా తీయలేదు. మనిషిని పంపితే మాట్లాడలేదు. బావ మీద గెలిచానన్న సంతోషం ఒక చేత్తో పట్టుకుని, రెండో చేత్తో ఆ ఫోను పట్టుకుని తిరిగాను.

ఎనిమిది నెలల తర్వాత ఒక మధ్యాహ్నం చిట్యాలలో మా ఇంటి తలుపు కొట్టిన చప్పుడు. తీస్తే అక్క. ఒక్కతే, చేతిలో చిన్న సంచి.

“ఆకలైతాంది. ఏం వండినవ్?” అన్నది.

వంకాయ కూర, అన్నం పెట్టాను. కడుపునిండా తిన్నది. కాళ్లు పట్టుకుందామని వంగబోతే, “ఎంగిలి చేత్తోనున్న, ఆగు” అన్నది. చేయి కడుక్కుని వచ్చి నా పక్కన మంచం మీద కూర్చుంది.

“గా పని తప్పే చేసినవ్” అన్నది.

“తప్పే అక్కా.”

“నన్ను భయపెట్టుడు తప్పు. ఆయన్ని చేసింది కాదు.” కొంగుతో చెయ్యి తుడుచుకుంది. “పదిహేనేండ్లు కాపురం చేసిన చెల్లే. ఉప్పు అడిగితే ఉప్పు ఇయ్యనీకి ఇంగ్లీషు నేర్చుకున్న. నేనేడిస్తే నా కండ్లకు ఏదో పేరు పెట్టెటోడు. ఇప్పుడు బయట బందువెట్టిండు. ఇంట్ల నా ఒక్కదాని మీదనే తిప్పుతుండు.”

అక్క కొంచెం దగ్గరికి జరిగింది. గొంతు తగ్గించింది.

“నాకు గూడ రెండు మూడు నేర్పియ్యి. ఆయనకు తెల్వనియి. మంచి బరువున్నియి.”

ఆ సాయంత్రం దాకా నేర్పాను. ఆవలింత, ఎక్కిళ్లు, కడుపులో గుడగుడ, కాలు తిమ్మిరి. ఒక్కో మాట నాలుక తిరిగేదాకా చెప్పించాను. నల్గొండ బస్సు ఎక్కించడానికి రోడ్డు మీద నిలబడితే, అక్క పెదవులు కదుపుతూనే ఉంది. బస్సు వచ్చింది. మెట్టు మీద కాలు పెట్టి వెనక్కి తిరిగి, “కడుపుల గుడగుడకు ఏమంటివే, మల్లొక్కసారి చెప్పు” అని అరిచింది. కండక్టరు విజిల్ వేశాడు. నేను బస్సు వెంట నాలుగడుగులు పరుగెత్తి, “బోర్బోరిగ్మస్!” అని గట్టిగా అరిచి చెప్పాను.